రెండు రేవులు – ఒక నివాసం

ఉద్దేశం

నివాసం కోసం ఒక ఊరిని ఎంచుకొనేటప్పుడు దాని అందాన్నే గాక, ఆ అందం వెనుకనున్న చరిత్రను, భౌగోళిక కారణాలను కూడా పరిశీలించాలని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

మనిషి తాను పుట్టే ఊరిని ఎంచుకోలేడు. నివసించే ఊరిని ఎంచుకొనే అవకాశం మాత్రం కొందరికి జీవితంలో ఒకసారైనా లభిస్తుంది. ఉద్యోగం, పిల్లల చదువు, వృద్ధాప్యంలో విశ్రాంతి మొదలైన కారణాలు ఆ ఎంపికను నిర్ణయిస్తాయి. పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్ళలో ఒకదానిని ఎంచుకోవలసి వచ్చినప్పుడు నిర్ణయం మరింత కఠినమవుతుంది. ఉత్తరాంధ్ర తీరంలోని విశాఖపట్నం, భీమునిపట్నం ఇందుకు చక్కని ఉదాహరణలు.

ఈ రెండు పట్టణాల నడుమ దూరం సుమారు 25 కిలోమీటర్లు. రెండింటికీ ఒకే సముద్రం, ఒకే గాలి, ఒకే యాస. ఒకవైపు కొండలు, మరొకవైపు కడలి. వైశాఖేశ్వరుని ఆలయం సముద్రగర్భంలో కలిసిపోయిందనే ఐతిహ్యం విశాఖకు ఉంటే, భీమసేనుని పేరుమీద తమ ఊరు వెలసిందనే నమ్మకం భీమిలివాసులకు ఉంది. అయినా 2011 జనాభా లెక్కలనాటికే విశాఖ 17 లక్షలకు పైగా ప్రజలున్న మహానగరం. భీమిలి చిన్న పట్టణంగానే మిగిలింది. ఈ తేడా ఎలా వచ్చిందో తెలుసుకుంటేనే ఎక్కడ నివసించాలన్న ప్రశ్నకు సరైన సమాధానం దొరుకుతుంది.

17వ శతాబ్దంలో డచ్చివారు గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట భీమిలిలో వర్తక స్థావరం ఏర్పరచుకొన్నారు. అదే శతాబ్దం చివరి భాగంలో ఆంగ్లేయులు విశాఖలో తమ స్థావరాన్ని నెలకొల్పారు. 1825లో భీమిలి కూడా ఆంగ్లేయుల వశమైంది. 1861లోనే అక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. డచ్చివారి శ్మశానవాటికలో సూదిమొన గోపురాలవంటి సమాధులు నేటికీ ఆ కాలానికి సాక్ష్యం పలుకుతున్నాయి.

ఆనాడు రెండు ఊళ్ళలోనూ నేటి అర్థంలో నౌకాశ్రయం లేదు. ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసేవి. మసూలా పడవలు కెరటాలను దాటుకొంటూ వెళ్ళి సరకులను ఎక్కించి దించేవి. ఈ పద్ధతిలో భీమిలి దేనికీ తీసిపోలేదు. ఆ ప్రాంతపు గోగునార ‘బిమ్లి జూట్’ అనే పేరుతో ప్రపంచ విపణిలో ప్రసిద్ధి పొందింది. 1901లో విశాఖ జనాభా సుమారు నలభై వేలు. భీమిలి జనాభా సుమారు పదివేలు. ఒకటి రెండవదానికి నాలుగు రెట్లు మాత్రమే.

ఆ తరువాత రెండు విషయాలు ఈ ఊళ్ళ భవితవ్యాన్ని మార్చివేశాయి. మొదటిది రైలుమార్గం. 19వ శతాబ్దపు చివరి దశకంలో వేసిన తూర్పుతీర రైలుమార్గం విశాఖ ప్రాంతంనుండి లోపలికి తిరిగి విజయనగరం మీదుగా సాగిపోయింది. భీమిలి ఆ దారిలో లేదు. రెండవది నౌకాశ్రయం. డాల్ఫిన్ నోస్ అనే కొండ సముద్రంలోకి చొచ్చుకొని వచ్చి, విశాఖలోని లోతట్టు నీటికి సహజమైన అడ్డుగోడగా నిలిచింది. ఆ చాటున ఉన్న చిత్తడి నేలను తవ్వి, ఓడలు లోపలికి వచ్చే కాలువను నిర్మించారు. కెరటాల తాకిడిని ఆపడానికి రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి సముద్రంలో ముంచారు. 1933లో నౌకాశ్రయం ప్రారంభమైంది. లోతైన నీరు, రైలు రెండూ ఉన్న రేవును కాదని ఏ వర్తకుడు పడవలమీద సరకు మోయిస్తాడు? క్రమంగా భీమిలి రేవు నిశ్శబ్దమైంది.

కనుక నేడు భీమిలిలో కనిపించే ప్రశాంతత ఎవరో ప్రణాళిక వేసి కల్పించినది కాదు. అది చేజారిన వ్యాపారం మిగిల్చిన ప్రశాంతత. విశాఖలోని సందడి కూడా కేవలం ప్రజల ఉత్సాహంనుండి పుట్టినది కాదు. నౌకాశ్రయం వెంట నౌకా నిర్మాణం, చమురు శుద్ధి, ఉక్కు పరిశ్రమ వచ్చాయి. 1948లో ‘జల ఉష’ అనే ఓడ ఇక్కడినుండే జలప్రవేశం చేసింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం, కింగ్ జార్జి ఆసుపత్రి నగరానికి విద్యా, వైద్య కేంద్రమనే పేరు తెచ్చాయి.

ప్రతి లాభానికీ వెల ఉంటుంది. రేవు సమీపంలోని ఇళ్ళమీద బొగ్గు, ముడి ఇనుము ధూళి పేరుకొంటుందని విశాఖవాసుల చిరకాల ఆవేదన. నౌకాశ్రయపు కట్టడాలు దక్షిణంనుండి ఉత్తరానికి సాగే ఇసుకను అడ్డుకొంటాయి. అందువల్ల నగరపు తీరం కోతకు గురవుతుంది. అలా నిలిచిన ఇసుకను తవ్వి మళ్ళీ తీరానికి చేర్చవలసి వస్తున్నది. 2020 మే నెలలో నగర శివారులోని ఒక రసాయన కర్మాగారంనుండి వెలువడిన విషవాయువు పన్నెండు మంది ప్రాణాలు తీసింది. పరిశ్రమల పక్కన ఇల్లు కట్టుకోవడమంటే ఏమిటో ఆ ఉదయం అందరికీ తెలిసింది. భీమిలిలో ఆ భయం తక్కువ. అయితే అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే పెద్ద ఆసుపత్రికి తీరంవెంట పాతిక కిలోమీటర్లు పోవాలి. ఉన్నత విద్యకు, చాలా ఉద్యోగాలకు నగరమే గతి. తుపానుకు మాత్రం రెండూ సమానమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరాన్ని తాకినప్పుడు పెద్ద ఊరు, చిన్న ఊరు అన్న తారతమ్యం చూపలేదు.

ఈ రెండు ఊళ్ళను ముగ్గురు మూడు విధాలుగా చూస్తారు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు సూర్యోదయాన్ని, పావురాలకొండమీది బౌద్ధ అవశేషాలను తలచుకొని భీమిలివైపు మొగ్గుతాడు. ఆయన భార్య మోకాళ్ళ నొప్పిని, నెలనెలా చూపించుకోవలసిన వైద్యుణ్ణి తలచుకొని విశాఖ అంటుంది. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. మూడవవాడు భీమిలి తీరంలో వల లాగే మత్స్యకారుడు. ఆయనకు ఎంపిక అనే మాటే లేదు. పడవ ఎక్కడ నిలిస్తే ఇల్లు అక్కడే. సముద్రం ఇతరులకు దృశ్యం, ఆయనకు జీవనాధారం. బయటివారు తీరంలో స్థలాలు కొన్నకొద్దీ వల ఆరవేసుకొనే ఇసుక ఆయనకు కరవవుతుంది.

ఈ సమస్య ఊహ కాదు. 2013లో భీమిలి విశాఖ మహానగర పాలక సంస్థలో విలీనమైంది. దానికి ఉత్తరాన భోగాపురం వద్ద కొత్త విమానాశ్రయానికి 2023లో శంకుస్థాపన జరిగింది. దారిలోని ఎర్రమట్టి దిబ్బలు వేల సంవత్సరాల భూచరిత్రను దాచుకొన్న సంపద. తీరంలో కట్టడాలకు హద్దులు విధిస్తూ 1991లోనే కేంద్ర ప్రభుత్వం నిబంధనలు చేసింది. వాటిని పాటించకుండా అందరూ ప్రశాంతత కోసం భీమిలికి వస్తే, వచ్చినవారికి మిగలనిది ఆ ప్రశాంతతే.

కాబట్టి ఏ ఊరు గొప్పదన్న ప్రశ్న సరైనది కాదు. ఏ ఊరి లోటును తాను భరించగలడు, ఏ ఊరి బాధ్యతను తాను పంచుకోగలడు అన్నదే నివాసం కోరేవాడు వేసుకోవలసిన ప్రశ్న. విశాఖను ఎంచుకొన్నవాడు స్వచ్ఛమైన గాలికోసం నోరు విప్పాలి. భీమిలిని ఎంచుకొన్నవాడు ఇసుకను, దిబ్బలను, పాత సమాధులను, మత్స్యకారుని చోటును కాపాడాలి. ఊరిలో ఇల్లు కట్టుకొన్నంత మాత్రాన ఎవరూ ఆ ఊరివారు కారు; ఆ ఊరి కష్టంలో పాలుపంచుకొన్ననాడే అవుతారు.

కఠిన పదాలు – అర్థాలు

ఐతిహ్యం = పరంపరగా వస్తున్న కథ
విపణి = బజారు, వర్తకస్థలం
భవితవ్యం = జరగబోయేది
తారతమ్యం = హెచ్చుతగ్గుల భేదం
అవశేషం = మిగిలినది

సంధులు

సూర్యోదయం = సూర్య + ఉదయం – గుణసంధి
విమానాశ్రయం = విమాన + ఆశ్రయం – సవర్ణదీర్ఘ సంధి

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్న
విశాఖపట్నం, భీమునిపట్నం భిన్నమైన దారులలో సాగడానికి గల కారణాలను వివరించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. భీమిలి ప్రశాంతతకు కారణమేమి?
2. మత్స్యకారుని దృష్టిలో సముద్రతీరం ఎటువంటిది?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. భీమిలిలో వర్తక స్థావరం ఏర్పరచుకొన్న విదేశీయులెవరు?
2. విశాఖ నౌకాశ్రయం ఏ సంవత్సరంలో ప్రారంభమైంది?