తెర మీద పేర్లు



సినిమా మొదలు కాగానే తెర మీద ఏం కనబడతాయి? పేర్లు కనబడతాయి. నటించినవారి పేర్లు. కథ రాసినవారి పేర్లు. పాటలు పాడినవారి పేర్లు. చివరికి దర్శకత్వం చేసినవారి పేరు. ఎవరు ఎట్లా నటించాలో చెప్పి, సినిమా మొత్తాన్ని నడిపించే పనే దర్శకత్వం.

మా నానమ్మ చిన్నప్పుడు ఊళ్లకు డేరా టాకీసులు వచ్చేవి. సాయంత్రం మైకులో ఘంటసాల పాట పెట్టేవారు. పాట వినబడితే చాలు, పిల్లలు ఉరికేవారు. నేల టికెట్టుకు తక్కువ ధర. బెంచీకి, కుర్చీకి ఎక్కువ. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చునేవారు. మిషను ఒక్కటే ఉండేది. ఒక రీలు అయిపోతే లైట్లు వెలిగేవి. ఇంకో రీలు ఎక్కించేదాకా అందరూ ఆగేవారు.

"పేర్లు పడేటప్పుడు ఏం చేసేదానివి నానమ్మా?" అని అడిగాను.

"ఏం జేసేది బిడ్డా! పల్లికాయ ఒలుసుకుంట కూసునేది. కథ మొదలైనంక తెర దిక్కు సూసేది" అన్నది.

పెళ్లయిన కొత్తలో నానమ్మ టౌనులో 'మీనా' సినిమా చూసింది. అది 1973లో వచ్చింది. మీనాగా విజయనిర్మల నటించారు. ఆ ముఖం నానమ్మకు ఇప్పటికీ గుర్తే. కానీ ఆ సినిమాకు దర్శకత్వం చేసింది కూడా విజయనిర్మలే అని ఆమెకు తెలియదు. ఆ కథ యద్దనపూడి సులోచనారాణి రాసిన నవల. కథ రాసింది ఆడమనిషే, సినిమా నడిపింది ఆడమనిషే.

నేను చెబితే నానమ్మ నమ్మలేదు. "గిన్నేండ్ల సంది నాకు ఎవలూ చెప్పలేదేంది?" అన్నది.

ఎవరూ దాచలేదు. తెర మీద రాసే ఉంది. చదివేవారే పక్కన లేరు.

విజయనిర్మల 44 సినిమాలకు దర్శకత్వం చేశారు. ప్రపంచంలో ఇన్ని సినిమాలు నడిపిన మహిళ ఇంకొకరు లేరని 2002లో గిన్నిస్ పుస్తకంలో ఆమె పేరు ఎక్కింది.

అంతకు ముందు కాలంలో నాటకాల్లో ఆడవేషం కూడా మగవాళ్లే కట్టేవారు. సురభి నాటక సమాజం 1885లో మొదలైంది. ఆ కుటుంబాల ఆడవాళ్లు తామే వేషం కట్టి స్టేజీ ఎక్కారు. వారిలో ఒకరు సురభి కమలాబాయి. తెలుగులో మొదటి మాటల సినిమా 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. అందులో ప్రహ్లాదుని తల్లి లీలావతిగా ఆమె నటించారు.

పేరు చదవడం వస్తే, పని ఎవరిదో తెలుస్తుంది. సినిమాలోనే కాదు. పొదుపు పుస్తకంలో ఎవరి పేరు ఉంది? భూమి పట్టాలో ఎవరి పేరు ఉంది? మీరే చదివి చూడండి.

చెప్పండి:
1. 'మీనా' కథ రాసింది ఎవరు?
2. డేరా టాకీసులో మధ్య మధ్య లైట్లు ఎందుకు వెలిగేవి?

చేయండి:
1. ఈసారి సినిమా చూసేటప్పుడు పేర్లు చదవండి. అందులో ఆడవారి పేర్లు మూడు రాసుకురండి.
2. మన గంగారంలో ఒక పెద్దామెను అడగండి. ఆమె చిన్నప్పుడు చూసింది సినిమానా, చిందు భాగవతమా, ఒగ్గు కథా? ఆమె చెప్పింది నాలుగు మాటల్లో రాయండి. పైన ఆమె పేరు రాయండి. కింద మీ పేరు రాయండి.