కారు చేతులు మారినప్పుడు



1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లా నుండి విడిపోయి మద్రాసు రాష్ట్రములో కలిసినది. రాష్ట్రములు వేరైనను మన చుట్టరికములు తెగలేదు. అందుచేత నగరిలోనో చిత్తూరులోనో బావమరిది వద్ద పాత కారు కొని, ఆర్.కె.పేటకు తెచ్చుకొనుట మనలో మామూలే. డబ్బు చేతులు మారును గాని ఆర్.సి.లో పేరు మారదు! ఈ పాఠము దానిని గూర్చియే.

లైసెన్సు, ఆర్.సి., ఇన్సూరెన్సు, పొగ సర్టిఫికెట్టు ఉండవలెనని అందరికీ తెలిసినదే. డిజిలాకర్‌లో చూపినను చెల్లును.

పేరు సంగతి అట్లు కాదు. ఆర్.సి.లో ఎవరి పేరున్నదో చట్టము దృష్టిలో వారే యజమాని. నవీన్ కుమార్, విజయ్ కుమార్‌ల కేసులో కారు వరుసగా కొందరికి అమ్ముడుపోయిన తరువాత 2009లో ప్రమాదము జరిగినది. అయినను, ఆర్.సి.లో పేరు మిగిలిపోయిన మొదటి యజమానియే నష్టపరిహారమునకు బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పినది. పాపము, ప్రమాదము నాటికి ఆయన కారు అమ్మి దాదాపు రెండేండ్లు!

"స్టాంపు కాగితము వ్రాసుకొన్నాము గదా" అందురు. అది ఆర్.సి.కి బదులు కాదు.

1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము కొన్నవారు 30 రోజులలో పేరు మార్పునకు దరఖాస్తు చేయవలెను. అమ్మినవారును తెలియజేయవలెను: అదే రాష్ట్రపు బండియైతే 14 రోజులు, పొరుగు రాష్ట్రపు బండియైతే అక్కడి ఆర్.టి.ఓ. నిరభ్యంతర పత్రముతో 45 రోజులు గడువు. ఆంధ్ర నంబరుతో ఇక్కడ 12 నెలలు మించి ఉంచిన యెడల తమిళనాడు నంబరు తీసుకొనవలెను. ఇన్సూరెన్సులో పేరు మార్చమని 14 రోజులలో కంపెనీకి వ్రాయవలెను.

తాళములు ఇచ్చు దినముననే 28, 29, 30 ఫారములపై ఆ బావమరిదిచేత సంతకములు చేయించుకొనుడి.