మట్టిగోడకు మరమ్మతు చేసే ముందు



మనలో చాలామందిమి మట్టిగోడల ఇళ్ళ నుంచి ఈ హాస్టలుకు వచ్చినవాళ్ళమే. సెలవులకు ఊరెళ్ళి ఆ గోడలను చూసి చిన్నబుచ్చుకున్నవాళ్ళమూ ఉన్నాం. అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు మట్టిగోడ గురించే ఒక పాఠం రాద్దామనుకున్నాం.

మేము కొందరు పూర్వ విద్యార్థులం కలిసి ఒక పల్లెలో తాతల కాలం నాటి పశువుల కొట్టాన్ని పరిశీలించాం. దాన్ని బాగుచేసుకుని మళ్ళీ వాడుకోవాలని ఇంటివారి కోరిక. గోడల అడుగున మట్టి రాలిపోతోంది. సిమెంటు పూస్తే సరిపోతుందని చూసినవారంతా అన్నారు. రోగం తెలియకుండా మందు వేయకూడదు కదా! అందుకే ముందు గోడను చదవడం మొదలుపెట్టాం.

1. గోడను ఎలా కట్టారు?

మట్టిగోడలన్నీ ఒకటి కావు. అచ్చులో పోసి ఎండబెట్టిన పచ్చి ఇటుకలతో కట్టేది ఒక రకం. చెక్కల మధ్య మట్టిపోసి దిమ్మిసతో కొట్టి గట్టిపరిచేది రెండో రకం. గడ్డి కలిపి కాళ్ళతో తొక్కిన అడుసును ముద్దలుగా వేస్తూ పైకి లేపేది మూడో రకం. పూత రాలిన చోట చూస్తే, సుమారు మూరెడు ఎత్తుకొకటి చొప్పున అడ్డగీతలు కనిపించాయి. అంటే ఇది మూడో రకం. కింది వరుస ఆరాకే పై వరుస వేశారని ఆ గీతలకు అర్థం. వాటిని పగుళ్ళని పొరబడకూడదు.

నిజమైన పగుళ్ళు నిలువుగానో ఏటవాలుగానో ఉన్నాయి. వాటిని కొలిచి బొమ్మ గీశాం. పగులుకు రెండు వైపులా చిన్న మేకులు దించి, వాటి మధ్య దూరాన్ని నెలనెలా కొలవాలి. దూరం పెరుగుతుంటే గోడ ఇంకా కదులుతున్నట్లే.

2. మట్టిలో ఏముంది?

ఎత్తు నుంచి రాలిన పెళ్ళను పొడిచేసి, గాజు సీసాలో మూడో వంతు పోసి, నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి కదలకుండా పెట్టాం. ముందు ఇసుక అడుగుకు చేరుతుంది. దానిపై సన్నని ఒండ్రు దిగుతుంది. బంకమన్ను పూర్తిగా దిగడానికి ఒక రోజో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. పొరలను స్కేలుతో కొలిస్తే పాళ్ళు తెలుస్తాయి. ఇసుక గోడకు ఎముక, బంకమన్ను జిగురు. జిగురు ఎక్కువైతే ఆరేటప్పుడు పగులుతుంది, తక్కువైతే పొడిగా రాలుతుంది. మరమ్మతుకు తెచ్చే మట్టి పాతమట్టికి దగ్గరగా ఉండాలి. లేకపోతే రెండూ అతకవు.

3. తడి ఎక్కడి నుంచి వస్తోంది?

గోడ అడుగున, నడుమ, పైన కొంచెం మట్టి తీసి తూచి, 105 డిగ్రీల సెల్సియస్ వద్ద పూర్తిగా ఆరబెట్టి మళ్ళీ తూచాలి. ఉదాహరణకు 115 గ్రాముల మట్టి ఆరాక 100 గ్రాములైతే తేమ 15 శాతం. ఎక్కడ తేమ ఎక్కువో తెలిస్తే దారి కూడా తెలుస్తుంది. పైన ఎక్కువైతే కప్పు కారుతోంది. అడుగున ఎక్కువైతే నేల నుంచి నీరు ఎక్కుతోంది.

ఇక్కడ తేమ అడుగునే ఉంది. కారణం వెతికితే, వీధిలో సిమెంటు రోడ్డు ఎత్తు పెంచి వేయడంతో గోడకింది రాతి పునాది కప్పడిపోయింది. వాననీరు నేరుగా మట్టిని తాకుతోంది.

రెండో కారణం ఉప్పు. పశువుల మూత్రంలోని నత్రజని నేలలోని సూక్ష్మజీవుల వల్ల నైట్రేటు లవణాలుగా మారుతుంది. అవి నీటితో గోడలోకి ఎక్కి, నీరు ఆవిరైన చోట తెల్లని స్ఫటికాలై మట్టిని పొరలుగా రాల్చుతాయి. పూర్వం పాత ఊళ్ళ మట్టి నుంచి తీసిన సూరేకారం ఈ జాతి లవణమే. కాబట్టి అడుగున రాలిన ఉప్పుమట్టిని మళ్ళీ వాడకూడదు.

4. సిమెంటు ఎందుకు వద్దు?

సిమెంటు పూత బిరుసు. దాని పగుళ్ళ నుంచి నీరు లోపలికి వెళుతుంది, సులువుగా బయటికి రాదు. పైకి గోడ బాగానే కనిపిస్తుంది, లోపల మెత్తబడుతుంది. ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో ఇలాగే అడుసుతో కట్టిన రైతుల కొట్టాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ కూడా సిమెంటు పూసిన గోడలు లోలోపల తడిసి కూలిన సంఘటనలు ఉన్నాయి. మట్టిగోడకు మంచి చెప్పులు, మంచి టోపీ ఉంటే చాలని అక్కడివారి సామెత. చెప్పులంటే రాతి పునాది, టోపీ అంటే కప్పు, చూరు.

అందుకే మేము చెప్పింది ఇంతే. ముందు ఒరిగిన గోడకు ఆసరా కర్రలు పెట్టాలి. పునాది పక్కన ఒకేసారి తవ్వకుండా కొంచెం కొంచెంగా తవ్వి నీటికి దారి చేయాలి. చూరు పొడిగించాలి. ఆ తర్వాతే సరిపడే మట్టితో అతుకులు వేసి, మట్టిపూత గానీ సున్నపుపూత గానీ పూయాలి.

చివరగా ఒక మాట. ఆ గోడలో ఒకచోట పూత కింద చేతివేళ్ళ గుర్తులు కనిపించాయి. అడుసు తొక్కిన కూలీల పేర్లు ఎక్కడా రాసిలేవు. బహుశా వాళ్ళు మనలాంటి వాళ్ళ తాతలూ అవ్వలే. ఏ మట్టికి ఎంత గడ్డి వేయాలో, ఎన్నాళ్ళు ఆరనివ్వాలో చెప్పగలిగే పెద్దలు ఇంకా కొన్ని ఊళ్ళలో ఉన్నారు. ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు వాళ్ళ దగ్గర కూర్చుని అడిగి నోటుబుక్కులో రాసుకుందాం. ఏ మరమ్మతుకైనా మొదటి పాఠం అక్కడే దొరుకుతుంది.