ధనుర్మాసము – విశ్రాంత గృహస్థుని కైంకర్యము

సూర్యభగవానుడు ధనూరాశియందు సంచరించు కాలము ధనుర్మాసము. మానవుల సంవత్సరము దేవతలకొక దినమనియు, ఉత్తరాయణము వారికి పగలు, దక్షిణాయనము రాత్రి యనియు శాస్త్రము చెప్పుచున్నది. ఆ లెక్కను మకర సంక్రాంతికి ముందున్న ఈ మాసము దేవతలకు తెల్లవారుజాము. తిరుమలలో ఈ నెలయంతయు సుప్రభాతమునకు మారుగా తిరుప్పావై పఠింపబడుట భక్తులకు విదితమే. లోకవ్యవహారమునను ఇవి సెలవుల దినములే. పరదేశములందున్న పిల్లలు తల్లిదండ్రులను చూడవచ్చునది తరచుగా క్రిస్మసు సెలవులలోనే గదా!

హైదరాబాదు నగరమునకు తూర్పుననున్న ఉప్పల్, నాచారము ప్రాంతములలో ఈ రెండింటి కలయిక చక్కగా కానవచ్చును. (ఈ నాచారము వేరు, గజ్వేలు చెంత నరసింహస్వామి వేంచేసియున్న నాచారము వేరు.) 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, సి.సి.ఎం.బి., నాచారపు పారిశ్రామికవాడ మున్నగు చోట్ల పనిచేసి ఉద్యోగవిరమణ పొందినవారు ఆ చుట్టుపట్లనే ఇండ్లు కట్టుకొని స్థిరపడినారు. ఏండ్ల తరబడి గడియారము చూచుకొని బ్రతికినవారికి ఇప్పుడు పగలంతయు చేతిలోనే యున్నది. ఈ నెలలో కోవెలకు సేవకులు కావలెను. ఇంట మనుమలు దిగియుందురు. పెద్దవాడు ఎవరికి చెందినవాడు? ఇదియే ఇచ్చట విచారింపదగిన విషయము.

పాంచరాత్రము శ్రీవైష్ణవుని దినమును అయిదు కాలములుగా విభజించినది. ప్రాతఃకాలమున భగవంతుని సన్నిధికేగుట అభిగమనము. పిమ్మట ఆరాధనకు వలయు ద్రవ్యములు సమకూర్చుకొనుట ఉపాదానము. మధ్యాహ్నమున ఇజ్య, అనగా ఆరాధన. అపరాహ్ణమున స్వాధ్యాయము, రాత్రి యోగము. శ్రీ వేదాంతదేశికులు పాంచరాత్రరక్ష యందు దీనిని విస్తరముగా చర్చించినారు. ఉద్యోగము చేయువానికి ఉపాదానము సులభముగా బోధపడును: న్యాయముగా ఆర్జించి, ఆ ధనముతో పూలు, పండ్లు, బియ్యము తెచ్చుటయే అది. ఉద్యోగము ముగిసిన మరునాడే ఆ కాలము ఖాళీయగును. విశ్రాంతజీవికి పొద్దుపోకపోవుట యనునది ఈ ఖాళీయే. వార్తాపత్రికను రెండుమారులు చదివినను అది నిండదు. తన కొరకు సమకూర్చవలసినది తగ్గినప్పుడు పదిమంది కొరకు సమకూర్చుటయే దానిని నింపుమార్గము. పొంగలికి పెసరపప్పు ఏరుట, తులసి కోయుట, మాలలు కట్టుట, పాదరక్షలు భద్రపరచుట, గంగాళములు తోముట ఇవన్నియు ఉపాదానమునకు చేరినవే. వీనిలో చిన్నది పెద్దది యను భేదము లేదు.

ఇంతవరకు చిక్కులేదు. చిక్కు ఇంటిలో మొదలగును. ఉదాహరణకు నాచారములో ఒక గృహస్థు గలడనుకొందము. తెల్లవారుజామున నాలుగింటికి స్నానము చేసి, తిరుమణి ధరించి కోవెలకేగును. తొమ్మిదింటికి ప్రసాదపు దొన్నెతో తిరిగివచ్చును. అందరును ఆయన భక్తిని కొనియాడుదురు. ఆయన భార్య మూడున్నరకే లేచినది. వాకిట ముగ్గు పెట్టినది, ఇంట పెరుమాళ్లకు పొంగలి వండినది, దూరదేశమునుండి వచ్చిన కోడలికి, మనుమలకు వేరువేరు ఫలహారములు చేసినది. మోకాళ్ల నొప్పి యున్నదని ఎవరికిని చెప్పలేదు. ఆయనకు అరువది యేండ్లకు ఉద్యోగవిరమణ లభించినది. ఆమెకు వంటయింటినుండి విరమణ ఏనాడు?

ఇట్టి సందర్భమున అనంతాళ్వాన్ చరిత్రను స్మరింపవలెను. పుష్పకైంకర్యమునకై శ్రీరామానుజులు తిరుమలకు పంపిన మహానుభావుడాయన. పూదోటకు నీరు కావలెనని చెరువు త్రవ్వ మొదలిడినాడు. ఆయన త్రవ్వుచుండగా నిండుగర్భిణియైన భార్య మట్టి తట్టలు మోయుచుండెను. ఒక బాలుడు వచ్చి సాయపడుదుననగా, గురువాజ్ఞ తామే నెరవేర్చవలెనని అనంతాళ్వాన్ నిరాకరించినాడు. బాలుడు ఆయన కనుమరుగున ఆమె తట్టలను అందుకొని మోసినాడు. అది చూచి కోపముతో విసరిన గునపము బాలుని గడ్డమునకు తగిలినది. ఆనందనిలయమున స్వామి గడ్డమున రక్తము కానవచ్చినది. నేడు స్వామి చుబుకమునకు పచ్చకర్పూరము అలదుటకు కారణమిదియే యని పెద్దలు చెప్పుదురు. ఆ గునపమును తిరుమల మహాద్వారము చెంత ఇప్పటికిని చూడవచ్చును.

ఈ కథను అనంతాళ్వాన్ నిష్ఠకు దృష్టాంతముగా చెప్పుట వాడుక. అది యుక్తమే. కాని స్వామి ఎవరి తట్ట నెత్తికెత్తుకొన్నాడో పాఠకులు గమనింపవలెను. గునపము పట్టినవానికి కాదు, అలసిన ఇల్లాలికి ఆయన తోడ్పడినాడు. భాగవత కైంకర్యము భగవత్కైంకర్యముకంటె మిన్నయని సంప్రదాయము. ఆ భాగవతులలో తన యింటి యిల్లాలు చేరదని ఏ ఆచార్యులును చెప్పలేదు. కావున మన గృహస్థు కోవెలకు పోవుటకు ముందు ఇంటి పొంగలికి పొయ్యి తానే వెలిగించినచో, ముందటి రాత్రియే కూరలు తరిగియుంచినచో, కోవెల సేవకు ఎట్టి లోపమును రాదు. వారమున రెండు దినములు ఆమె కోవెలకేగి ఆయన ఇంట నుండుట మరియు మేలు. తిరుప్పావై గోష్ఠిలో కూర్చుండు ముచ్చట ఆమెకును ఉండును గదా!

ఇక మనుమల మాట. అమెరికా తూర్పుతీరమునుండి వచ్చిన పిల్లలు మొదటి వారమంతయు రాత్రి రెండింటికి, మూడింటికి మేలుకొనుచుందురు. ఇచ్చట వేకువ నాలుగు గంటలైనప్పుడు అచ్చట ముందునాటి సాయంకాలము అయిదున్నర. పిల్లలకు నిద్రలేదని తాతలు, అవ్వలు బెంగపడుదురు. ధనుర్మాసములో ఆ వేళకు కన్నులు తెరచియున్న పిల్లలకంటె కావలసినదేమి? తిరుప్పావై ముప్పది పాశురములలో ఆరవది మొదలు పదునైదవది వరకు పది పాశురములు తోటి గోపికలను లేపుటకే వినియోగింపబడినవి. నిద్రించు నొక్కొక్కరి వాకిట నిలిచి పిలిచి, కూడియే వెళ్లుట గోదాదేవి చూపిన పద్ధతి. ఇంటివారి నిద్ర చెడకుండ చెప్పులు చేతపట్టుకొని ఒంటరిగా జారుకొను తాత ఈ పది పాశురముల అర్థమును మరచినవాడే. లేచియున్న పిల్లవానికి శాలువ కప్పి వెంట గొనిపోవలెను. వానికి అరవము రాదు, తెలుగును అంతంతమాత్రమే. అయినను దొన్నెలు పేర్చుట వచ్చును.

తిరుమలనంబి శ్రీరామానుజులకు మేనమామ. పాపనాశమునుండి ప్రతిదినము స్వామికి తీర్థజలము మోసి తెచ్చిన కైంకర్యపరుడు. ఒకనాడు స్వామి వేటగాని వేషమున దాహమని అడిగి, ఈయనందున బాణముతో కుండకు రంధ్రము చేసి ఆ నీరు త్రాగినాడు. పిదప బాణము వేసి ఆకాశగంగను చూపినాడు. ఆ ముదుసలిని స్వామి పిలిచిన పిలుపు “తాతా” అని. తాతాచార్య నామము దానివలననే వచ్చినదని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. స్వామి కొరకు మోయుచున్న కుండను దాహముగొన్న పిల్లవానికి వంచుటకు నంబికి మనసొప్పలేదు. అడిగినవాడు స్వామియే. దీనిని స్మరించు తణ్ణీరముదు ఉత్సవము అధ్యయనోత్సవముల ముగింపున నేటికిని తిరుమలలో జరుగుచున్నది.

వైకుంఠ ఏకాదశి తిథిననుసరించి మారుచుండును. 2024లో అది రానేలేదు. 2025లో జనవరి 10న ఒకమారు, డిసెంబరు 30న మరొకమారు వచ్చినది. డిసెంబరులో వచ్చినప్పుడు మనుమలు ఇచ్చటనే యుందురు. ఉత్తరద్వార దర్శనమునకు వరుసలో నిలిచినవారికి మంచినీరు అందించు పని వారికి మిక్కిలి ఇష్టము. జనవరిలో వచ్చినచో అప్పటికే విమానమెక్కియుందురు. ఇరువది యేడవ పాశురమునాటి కూడారైకి నేయి కారు అక్కారవడిసిల్ వండి, ఇంట తినువారు లేక, ఆ దంపతులు గిన్నెను కోవెలకు గొనిపోవుదురు. భోగినాడు గోదాకల్యాణమునకు వచ్చిన ఇరుగుపొరుగు పిల్లలను వరుసగా కూర్చుండబెట్టి, రేగుపండ్లు, చెరకుముక్కలు, బంతిపూల రేకులు కలిపి ఆ అవ్వ వారి తలలపై పోయును. పళ్లెరము పట్టుకొని ప్రక్కన నిలుచువాడు తాతయే.