పాడిందే పాడితే తప్పా?

భద్రాచలం

చి. శ్రావణ్‌కు,

కోల్డ్‌ప్లే కచేరీ కోసం 2025 జనవరిలో నవీ ముంబై డీవై పాటిల్ స్టేడియానికి 18న, 19న వరసగా రెండు రాత్రులు వెళ్లావటగా. రెండో రాత్రీ ఇంచుమించు అవే పాటలని స్నేహితులతో ఇంకా తగువాడుతున్నావని మీ అమ్మ చెప్పింది. "పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ" అని ఆ బ్యాండును ఎగతాళి చేశావట. నువ్వూ ఒక బ్యాండు నడుపుతున్నావు కాబట్టి నా మాటా విను.

ముందు వాళ్ల తరఫున. నీ చేతికి పట్టీ ఇచ్చారు చూడు, పాటకు తగ్గట్టు రంగులు మారేది, దాన్ని వెలిగించేది నిర్వాహకులు పంపే సిగ్నల్. దీపాలు, తెరలు, బాణసంచా అన్నీ పాటల వరసను బట్టే ముందుగా అమర్చుకుంటారు. ఒక పాట మార్చాలంటే వెనకున్న సిబ్బందికంతా పనే. అందుకని వరస ఖాయం చేసుకుని, ఒకటి రెండు చోట్లు మాత్రం ఖాళీ ఉంచుతారు. టేలర్ స్విఫ్ట్ ఎరాస్ టూర్‌లో రోజూ మారే సర్‌ప్రైజ్ పాటలు అలాంటివే. అలాగని వేరే దారి లేదనుకోకు. ఫిష్ అనే అమెరికా బ్యాండు 2017లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 13 రాత్రులు వాయించి, ఒక్క పాటా రెండోసారి ఎత్తుకోలేదు. మెటాలికా 2023లో మొదలుపెట్టిన టూర్‌లో ఒకే ఊళ్లో రెండు రాత్రులు పెట్టి, మొదటి రోజు పాట రెండో రోజు ఉండదని చెప్పి మరీ టికెట్లు అమ్మింది.

మనూళ్లో ఇది పాత తగువే. రామదాసు జయంతికి నవరత్న కీర్తనల గోష్ఠిగానం ఏటా ఆ తొమ్మిదే. విద్వాంసులు బారులు తీరి కూర్చుని ఎత్తుకుంటే, కింద జనమూ గొంతు కలుపుతారు. ఆ తొమ్మిదీ మార్చమని ఎవరూ అడగరు; మారిస్తే కలిసి పాడేదెలా? పేచీ అంతా విడి కచేరీల దగ్గర. ఒకరు ఆనందభైరవిలో 'పలుకే బంగారమాయెనా' పాడి దిగుతారు, తర్వాత వచ్చినవారూ అదే అందుకుంటారు. రోజూ వచ్చి ముందు కూర్చునే మా బోటివాళ్లం మొహాలు చూసుకుంటాం. వెనకాల చర్ల బస్సు టైము చూసుకుంటూ కూర్చున్నవాళ్లు మాత్రం ఆ ఒక్క కీర్తన కోసమే ఆగి ఉంటారు. వాళ్లు మళ్లీ వచ్చేది వచ్చే ఏడే. నీకు రెండో రాత్రికీ టికెట్టు దొరికింది, నీ పక్క సీటువాడి సంగతేమిటి?

అయినా పూర్తిగా పాడిందే పాడేవాళ్ల పక్షాన నిలబడలేను. రామదాసు కీర్తనలు వందకు పైనే ఉన్నాయి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి గొంతులో ఇంటింటా వినిపించినవి జనం నోట నిలిచాయి, మిగతావి చాలామటుకు పుస్తకాల్లోనే ఉండిపోయాయి. జనం అడగరని పాడరు, పాడరు కనుక జనానికి తెలియవు.

పాడిందే పాడితే కుదరనివాళ్లూ ఉన్నారు. మణుగూరు మండలం కూనవరంలో సకిని రామచంద్రయ్య గారుండేవారు. డోలి వాయిస్తూ కోయల వంశచరిత్రలు, సమ్మక్క సారలమ్మల కథ పాడేవారు. ఏ గట్టువారు, అంటే ఏ వంశంవారు, పిలిస్తే ఆ గట్టువారి వేల్పు కథ ఎత్తుకోవాలి. అక్కడ హిట్టు పాటతో గట్టెక్కే వీల్లేదురా. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో ఆయన పోయారు. అంత చరిత్ర నోటికి వచ్చినవాళ్లు ఇప్పుడు బహు కొద్దిమంది.

నీ బ్యాండుకు బాణసంచా లేదు, రంగుల పట్టీలూ లేవు. కాబట్టి స్టేడియంవాళ్లు చెప్పే సాకు నీకు చెల్లదు. అందరికీ తెలిసిన పాటతో మొదలెట్టు, తెలిసినదాంతోనే ముగించు. నడుమ రెండు ఎవరూ విననివి పెట్టు. ఆ పాట ఏమిటో ఒక్క ముక్క చెప్పి అందుకో, ఉపన్యాసం వద్దు. చప్పట్లు తగ్గితే తగ్గనీ, ఒక్కసారికే జడిసి తీసెయ్యకు. స్నేహితులతో మాత్రం ఇక తగువు పెంచుకోకు, పాడే పాటల జాబితా ముందే ఫోన్లో చూసుకుని వెళ్లినవాడివి నువ్వు.

ఈసారి రామదాసు జయంతికి తప్పకుండా రా, గిటారు కూడా తెచ్చుకో. ఎవరూ పాడని కీర్తన ఒకటి పుస్తకంలో వెతికి ఉంచుతాను, బాణీ నువ్వు కట్టు.

మీ బాబాయి