తుంగ, గరిక పట్టిన నేలను పెరటితోటకు సిద్ధము చేయుట

ఇంటి వెనుక బీడుపడిన నాలుగైదు సెంట్ల నేలలో కూరగాయలు పండింపదలచినవారు సాధారణముగా తొలకరికి ఒకసారి దున్నించి, పైన కనబడు గడ్డిని ఏరివేసి, విత్తనము వేయుదురు. నెల తిరుగకముందే తుంగ మొలచి బెండ మొక్కలను మించిపోవును. విత్తనము ఖర్చు, కలుపు కూలి రెండును దండుగ. పై గడ్డిని తీసినంతమాత్రమున ఈ కలుపు చావదు. దాని ప్రాణము నేల లోపల ఉన్నది.

తుంగగడ్డలు సన్నని త్రాళ్లవంటి కాడలతో గొలుసుకట్టుగా ఉండును. గొలుసు తెగనంతవరకు వానిలో పెక్కు గడ్డలు నిద్రావస్థలో ఉండును. తెగినచో విడిపోయిన గడ్డలు మొలకెత్తును. గరికయు అట్టిదే. కణుపు గల ముక్క తేమ తగిలిన చిగురించును. కావున తడినేలలో ఒక్కసారి రోటావేటరు త్రిప్పించి వదలివేయుట కలుపును ముక్కలుచేసి నాటుటయే అగును. ఈ పనిని కడదాక చేయగలిగినప్పుడే మొదలుపెట్టవలెను.

వేసవిలో చేయవలసిన పనులు

1. వయ్యారిభామ ఉన్నచో పూతకు రాకముందే వేళ్లతో పెరికివేయవలెను. దీనివలన చర్మమునకు దురద, కొందరికి ఉబ్బసము కలుగును గనుక చేతులకు తొడుగులు ఉండవలెను.

2. ఏప్రిల్, మే నెలలలో జానెడు లోతు త్రవ్వి, పెళ్లలను చితుకగొట్టక ఎండకు వదలవలెను. వారమునకొకసారి తిరుగవేయవలెను. గరికను దంతెతో లాగి, పెళుసుగా విరుగువరకు ఎండబెట్టవలెను. పచ్చిగా పెంటకుప్పలో వేయరాదు.

3. వాన పడినను, నీరు పెట్టినను మిగిలిన గడ్డలు మొలచును. మొలచిన మూడు వారములలోపుగనే మరల త్రవ్వవలెను. ఆలస్యమైనచో క్రొత్త గడ్డలు ఊరును. ఇట్లు మూడు నాలుగు సారులు చేసినచో గడ్డలలోని సత్తువ తగ్గును.

తడిపిన నేలపై పారదర్శకమైన పాలిథీన్ పట్టాను నాలుగు నుండి ఆరు వారములు గాలి చొరకుండ కప్పినచో పెక్కు కలుపు విత్తనములు చచ్చును. కాని తుంగగడ్డలకు ఇది ఒక్కటియే చాలదు.

నేలను పరీక్షించుట

విత్తుటకు ముందు నేలను తడిపి పది పండ్రెండు దినములు వేచి చూడవలెను. తుంగ అక్కడక్కడ మాత్రమే మొలచినచో గునపముతో గడ్డతోసహ తీసి విత్తనము వేయవచ్చును. నేలంతయు మొలచినచో ఆ కారు కూరగాయలు మానుకొని, మరల త్రవ్వి జనుమును ఒత్తుగా చల్లవలెను. తుంగ నీడకు ఓర్వదు. జనుమును పూతదశలో కలియదున్నినచో నేలకు పచ్చిరొట్ట ఎరువును దక్కును.

మొదటి పైరుగా అలసంద, గుమ్మడివంటి త్వరగా నేలను కప్పు పంటలు మేలు. ఉల్లి, కొత్తిమీర మొదటి సంవత్సరము వలదు. అవి నీడనీయవు. వాని నడుమ కలుపు తీయుటయు కష్టము.

బాగుగ మాగిన పశువుల ఎరువునే వాడవలెను. పచ్చిపేడతో కలుపు విత్తనములు తిరిగి మడిలోనికి వచ్చును. గట్టుమీది గరిక ప్రాకకుండ మడి చుట్టును జానెడు లోతు కాలువ తీసి, నెలకొకసారి అంచులు చెక్కించవలెను. పాఠశాల, పంచాయతీ స్థలములలో తోటలు వేయించువారు నారు పంచిపెట్టుటకు ముందే ఈ వేసవి పనికి కూలీలను, నీటిని ఏర్పాటు చేసికొనవలెను.