మాంసమునకై కుందేళ్ల పెంపకము: చిన్న కమతముగల రైతులకు సూచనలు

కుందేళ్ల పెంపకమును గూర్చి రైతులు మొదట వినుమాట వాని సంతానవృద్ధి. ఒక జతను కొనిన చాలును, ఏడాదిలో దొడ్డి నిండునని అమ్మువారు చెప్పుదురు. పుట్టుకల మట్టుకు ఈ మాట అసత్యము కాదు. కాని పుట్టిన పిల్ల వేఱు, పాలు విడిచి పెరిగి తూకమునకు వచ్చిన పిల్ల వేఱు. మొదటిదానిని లెక్కించి పెట్టుబడి పెట్టు రైతు నష్టపోవును. రెండవదానిని లెక్కించువాడు నిలుచును. ఈ రెండు లెక్కలకు గల భేదమెట్లు కలుగుచున్నదో, దానిని తగ్గించు మార్గములేవియో యిందు వివరింపబడినవి.

1. జంతువు స్వభావము

పెంపుడు కుందేలు మన పొలములలో కానవచ్చు చెవులపిల్లి కాదు. ఇవి వేర్వేఱు జాతులు. వీనికి సంకరము కలుగదు. చెవులపిల్లి బయలున పొదలచాటున ఈనును. దాని పిల్లలు బొచ్చుతో, తెఱచిన కన్నులతో పుట్టును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి దానిని వేటాడుట నేరము. కావున పొలములో పట్టినదానిని తెచ్చి పెంపదలచుట తగదు.

పెంపుడు కుందేలు మూలము స్పెయిన్, పోర్చుగల్, దక్షిణ ఫ్రాన్సు ప్రాంతముల అడవి కుందేలు. అది నేలలో బొరియలు త్రవ్వుకొని గుంపులుగా నివసించును. పిల్లలు వెండ్రుకలు లేక, కన్నులు మూసుకొని బొరియలోనే పుట్టును. 1859లో ఆస్ట్రేలియాయందలి విక్టోరియా రాష్ట్రములో వేట వినోదమునకై విడువబడిన సుమారు రెండు డజన్ల కుందేళ్ల సంతతి కొన్ని దశాబ్దములలో ఆ ఖండమున విస్తారముగా వ్యాపించి పైరులకును పచ్చికలకును గొప్ప చేటు తెచ్చెను. ఆ వృద్ధికి బొరియయే ఆధారము. బొరియలో చల్లదనము, చీకటి, నిశ్శబ్దము, శత్రువులనుండి రక్షణ కలవు. పంజరములో పెట్టిన కుందేలుకు ఇవి యేవియు తమంతట లభింపవు. బొరియ చేయు పనియంతయు రైతే చేయవలసియున్నది.

2. గూడు

ఒక్కొక్క పెద్ద కుందేలుకు రెండున్నర అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తుగల ప్రత్యేకమగు గూడు కావలెను. ఈడు వచ్చిన మగవానిని ఒకేచోట నుంచిన అవి పోరాడి గాయపడును. గూటి అడుగు సన్నని కన్నుల తీగెజల్లెడతో చేసిన పెంటికలు క్రిందికి జాఱి, గూడు పొడిగా నుండును. అయితే తీగెపైననే నిరంతరము కూర్చున్నచో పాదములు పుండ్లు పడును. కావున ఒక మూలను చిన్నపలక యుంచి, దానిని దినదినము శుభ్రము చేయవలెను.

గూడు నేలకు రెండున్నర అడుగుల యెత్తున నుండవలెను. చీమలు లేత పిల్లలను తినివేయును గావున గూటి కాళ్లను నీటి పళ్లెములలో నిలుపవలెను. కుక్క, పిల్లి, ముంగిస, పాము, పందికొక్కు రాకుండ దొడ్డికి గట్టి తడిక గాని వల గాని యుండుట అవసరము. కుందేలును చెవులు పట్టి యెత్తరాదు. మెడమీది చర్మమును ఒక చేత పట్టి, వెనుక భాగమునకు రెండవ చేయి ఆధారమిచ్చి యెత్తవలెను.

3. ఎండనుండి రక్షణ

తెలంగాణ, రాయలసీమ ప్రాంతములలో ఈ పనికి ముఖ్యశత్రువు ఎండయే. కుందేలుకు మనకువలె చెమటపట్టదు. శరీరపు వేడిని ముఖ్యముగా చెవులద్వారాను, శ్వాసద్వారాను పోగొట్టుకొనును. వేడిమి 30 డిగ్రీలు దాటిన మగదాని వీర్యము చెడుట, ఆడది మేత తగ్గించుట ఆరంభమగును. 35 డిగ్రీలు దాటిన ప్రాణాపాయము కలదు. మన వేసవిలో 40 డిగ్రీలు దాటు దినములు పెక్కు.

కావున పాకను తూర్పుపడమరలుగా కట్టి, తాటాకు గాని రెల్లు గాని దట్టముగా కప్పి, చింత, వేప వంటి చెట్లనీడను ఎన్నుకొనవలెను. రేకుల కప్పు తగదు; ఉన్నయెడల దానిపై గడ్డి పఱచి తడుపవలెను. మధ్యాహ్నవేళ తడి గోనెలు వ్రేలాడదీయవలెను గాని గాలి ఆడుటకు అడ్డము రాకూడదు. చల్లని నీరు రేయింబవళ్లు ఉండవలెను. నోరు తెఱచి రొప్పుచు, చొంగ కార్చుచు పడియున్నదానిని వెంటనే చల్లనిచోట నుంచి చెవులను నీటితో తడుపవలెను.

ఏప్రిలు మొదలు జూను నడిమివఱకు జతకట్టింపకుండుట మేలు. ఎండ తగ్గిన పిదపను మగదాని శక్తి తిరిగి వచ్చుటకు ఆఱు మొదలు ఎనిమిది వారములు పట్టవచ్చును. ఇది తెలియని రైతు ఆడదానిని గొడ్డుదని తలచి అమ్మివేయుట కలదు.

4. జతకట్టించుట, ఈత

మాంసమునకు న్యూజీలాండు వైటు, కాలిఫోర్నియన్, సోవియట్ చించిల్లా అను జాతులు ప్రసిద్ధములు. ఆడది అయిదాఱు నెలలకు, మగది ఆఱేడు నెలలకు జతకు తగును. పది ఆడవానికి ఒక మగది చాలును. కాని అది ఎండదెబ్బ తినినచో ఈతలు నిలిచిపోవును గావున రెండవదానిని ఉంచుకొనుట మంచిది. మగదానిని వేఱొకచోట, వేఱొక సంతతినుండి తేవలెను. తోబుట్టువులను జతపఱచిన పిల్లలు బలహీనములగును.

జతకు ఎల్లప్పుడును ఆడదానినే మగదాని గూటికి తీసికొనిపోవలెను. మగదానిని ఆడదాని గూటిలో విడిచిన ఆడది తన చోటు కాపాడుకొనుటకు కలియబడును. జతకట్టిన పిమ్మట మగది ప్రక్కకు ఒఱగి పడును. అది కార్యము జరిగినదనుటకు గుర్తు.

చూలు 30 మొదలు 32 దినములు. 27వ దినమున గూటిలో ఈనుపెట్టె నుంచవలెను: ఒకటిన్నర అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు ఎత్తు, లోపల మెత్తని యెండుగడ్డి. తల్లి తన రొమ్ముబొచ్చు పెఱికి దానిలో పఱచును. ఈనునప్పుడు గుంపుచూపు, కుక్క అఱపు, పిల్లల అల్లరి లేకుండ చూడవలెను. బెదరిన తల్లి పిల్లలను త్రొక్కును, ఒక్కొక్కప్పుడు తినివేయును.

తల్లి దినమునకు ఒకటి రెండు మాఱులు, కొన్ని నిమిషములు మాత్రమే పాలిచ్చును. మిగిలిన కాలము దూరముగా నుండుట దాని స్వభావము. పిల్లలను విడిచినదని భయపడరాదు. ఉదయమున పెట్టె చూచినప్పుడు పొట్టలు గుండ్రముగా నున్న పాలు త్రాగినవని, చర్మము ముడుతలు పడియున్న త్రాగలేదని తెలిసికొనవలెను. చచ్చినవానిని వెంటనే తీసివేయవలెను. ఒక తల్లికి ఎనిమిదింటికి మించి పిల్లలున్నయెడల, అదే రెండు మూడు దినములలో ఈనిన వేఱొకదాని పెట్టెలో హెచ్చువానిని చేర్పవచ్చును. పది పండ్రెండు దినములకు కన్నులు తెఱచును. అయిదాఱు వారములకు పాలు మాన్పింపవచ్చును.

5. మేత

కుందేలు పండ్లు జీవితాంతము పెరుగుచుండును. పీచుగల మేత నమలకున్న అవి మితిమీఱి పెరిగి నోటిని గాయపఱచును. లూసర్ను, అలసంద తీగె, మల్బరీ ఆకు, ఎండుగడ్డి మంచివి. సుబాబులు కొంచెముగా మాత్రమే వేయవలెను. మంచుతోను, వానతోను తడిసిన ఆకును వాడ్చి వేయవలెను. దాణా పెద్దదానికి దినమునకు సుమారు 100 గ్రాములు, పాలిచ్చుదానికి 200 గ్రాముల వఱకు. మేతను ఒక్క దినమున మార్చరాదు.

బూజుపట్టిన వేరుశనగ చెక్క కుందేలుకు విషము. పశువు తట్టుకొనునదియు కుందేలు తట్టుకొనలేదు. కుందేలు తన మెత్తని పెంటికలను తానే తినుట రోగము కాదు. అది దాని జీర్ణక్రమములో భాగము.

6. రోగములు

పాలు మానిన పిల్లలు పొట్ట ఉబ్బి, పాఱుచు చచ్చుట సాధారణముగా కాక్సిడియా యను సూక్ష్మజీవి వలన. ఇది పెంటికతో కలిసిన మేత, నీటిద్వారా వ్యాపించును గావున మేతను తొట్టిలోనే వేసి గూటిని పొడిగా నుంచుటయే మొదటి మందు. చెవిలోపల పొక్కు కట్టుట, ముక్కు, పాదములపై బొచ్చు రాలుట గజ్జి లక్షణములు. ముక్కు కాఱుచు తుమ్మునది ఊపిరితిత్తుల జబ్బు కలది కావచ్చును. అట్టివానిని వేఱుపఱచి పశువైద్యునికి చూపవలెను. మందు మోతాదును తానుగా నిర్ణయింపరాదు.

7. లెక్క, అమ్మకము

పహాణీలో ప్రతి సర్వే నంబరునకు వలెనే, ప్రతి కుందేలునకు ఒక సంఖ్య నిచ్చి, జతకట్టిన తేది, ఈనిన తేది, పుట్టినవి, పాలు విడిచినవి, అమ్మినవి అని గడులు గీసి వ్రాయవలెను. వరుసగా రెండు మూడు కాన్పులలో పిల్లలను నిలుపుకొనని తల్లిని తీసివేయుటకు ఈ చిట్టాయే ఆధారము.

పది ఆడవి ఏటికి ఆఱు కాన్పులు, కాన్పుకు ఏడు పిల్లలు అని కాగితముపై గుణించిన 420 వచ్చును. వేసవి విడిచి నాలుగు కాన్పులు, కాన్పుకు ఆఱు పిల్లలు నిలిచినవనిన 240. చక్కగా మేపిన మూడు నెలల పిల్ల సుమారు రెండు కిలోలు తూగును. అందు మాంసము సుమారు సగము. అనగా ఏటికి 240 కిలోలు, సగటున వారమునకు నాలుగున్నర కిలోలు. ఈ నాలుగున్నర కిలోలను వారము వారము కొనువారెవరో రైతు గూడు కట్టకముందే తెలిసికొనవలెను. మన గ్రామములలో కోడి, మేక మాంసములవలె దీనికి సిద్ధమైన అంగడి లేదు.

పిల్లలను మేమే తిరిగి కొందుమని చెప్పి జతలను అధికవెలకు అమ్మువారి ఒడంబడికను మిక్కిలి జాగ్రత్తగా చదువవలెను. కొనువాడు తూకము, ధర, గడువు వ్రాయనియెడల ఆ మాట లెక్కలోనికి రాదు. అట్టివారి ఆదాయము మాంసమునుండి గాక క్రొత్త రైతులకు జతలమ్ముటనుండి వచ్చుచున్న, క్రొత్తవారు రానినాడు కొనుగోలు నిలుచును. అప్పుతో నూఱు గూళ్లు కట్టిన రైతు ఆనాడు మేతకు సొమ్ము పెట్టుచు కూర్చుండవలసివచ్చును.

కావున మొదటి యేడు మూడు ఆడవానిని, ఒక మగదానిని మాత్రము పెట్టుకొని, ఒక వేసవి గడిపి చూడవలెను. వేసవి తరువాత గూటిలో నిలిచినవి, చిట్టాలో అమ్మినట్లు వ్రాయబడినవి ఎన్నియో చూచుకొని పెంచుటయో మానుటయో నిశ్చయింపవలెను. మాగిన కుందేటి పెంటిక కూరగాయల మడులకు మంచి యెరువు. అదియు లెక్కలో చేర్పదగినదే. మందులు, జాతి యెన్నిక, మాంసపు విక్రయ నిబంధనలను గూర్చి సమీప పశువైద్యాధికారిని ముందుగా విచారింపవలెను.